సర్వరమ్మకు అనుమతి లేదు

ఆ ఆసుపత్రిలో డాక్టర్లకు పేరు వెనక డిగ్రీలుండేవి, నర్సులకు భుజం మీద పట్టీలుండేవి, లిఫ్టు నడిపే ఆయనకు సైతం జేబు మీద ఇత్తడి బిళ్ల ఉండేది. ఇవేవీ లేని మనిషి సర్వరమ్మ ఒక్కతే. ఆవిడకు ఉన్నదల్లా మెట్ల కింద ఒక గది. అసలు పేరు వేరే ఉంది గాని, ఆ పేరుతో పిలిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందరికీ ఆవిడ సర్వరమ్మే.

గదికి కిటికీ లేదు. గోడకు అవతల దుప్పట్లు ఉతికే యంత్రాలు రోజంతా గుడగుడమంటుంటాయి. ఇవతల ఇనుప చట్రంలో రెండు సర్వర్లు, ఒకదాని మీద ఒకటి. వాటికి పెద్దాడు, చిన్నాడు అని పేర్లు పెట్టుకుంది. పెద్దాడు పని చేస్తాడు, పెద్దాడికి ఒంట్లో బాగోకపోతే చిన్నాడు అందుకుంటాడు. ఇంత సఖ్యంగా ఉండే అన్నదమ్ముల్ని ఏ ఇంట్లోనూ చూడలేదని ఆవిడ అంటుండేది.

వాళ్ల పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆసుపత్రిలో ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా, మంచం పక్కన గుండె లయ చూపించే ఏ తెర అయినా నెట్‌వర్క్‌లోకి రావాలంటే ముందు వాళ్లను అడగాలి. వాళ్లు జాబితా చూసి సరేనంటే లోపలికి, కాదంటే బయటే. ఎంత పెద్ద సర్జనైనా పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టాడంటే మెట్లు దిగి ఆ గది ముందు నిలబడాల్సిందే.

“పాస్‌వర్డే మర్చిపోయేవాళ్లు లోపల కత్తెర ఎక్కడ మర్చిపోతారోనని భయంగా ఉంటుంది సర్,” అని ఆవిడ నవ్వుతూ అనేది. సర్జను నవ్వేవాడు కాదు.

నిజానికి ఆవిడ చేరింది టైపిస్టుగా, రికార్డుల విభాగంలో. సర్వర్లు బిగించిన ఇంజినీరు మరో ఉద్యోగం దొరికి వెళ్లిపోతూ, ఎదురుపడ్డ మనిషి చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టి, “కొత్తాయన వచ్చేదాకా ఓ వారం చూస్తుండండి” అన్నాడు. ఎదురుపడ్డ మనిషి ఆవిడే. ఆ వారం పందొమ్మిదేళ్లు నడిచింది. మొదటి నెల పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క పెట్టుకుని చదివింది. రెండో నెల తప్పులు చేసింది. మూడో నెల నుంచి తప్పులు చేయడం మిగతావాళ్ల వంతు, దిద్దడం ఆవిడ వంతు అయింది.

ఇలా సాగుతున్న కాపురానికి నీటిగండం వచ్చింది. ఒక సోమవారం ఉదయం పక్కగదిలో గొట్టం పగిలి, గోడలోంచి ఊరిన నీళ్లు సరిగ్గా పెద్దాడి నెత్తిన పడ్డాయి. పెద్దాడి మీంచి చిన్నాడి మీద పడ్డాయి. ఆసుపత్రి మొత్తం నాలుగు గంటలు కలం, కాగితం పట్టుకుంది. డాక్టర్ల చేతిరాత చదవలేక మందుల దుకాణం వాళ్లు లబోదిబోమన్నారు. సర్వరమ్మ ఇద్దరినీ విప్పి, తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రం తెప్పించి ఆరబెట్టి, మధ్యాహ్నానికల్లా లేపి కూర్చోబెట్టింది. అందుకు కొత్త డైరెక్టరు ఆవిడను అభినందించాడు. అభినందించిన వారానికే, ఇక ఆ గదిలో ఏ సర్వరూ ఉండనక్కర్లేదని తీర్మానించాడు.

సమావేశానికి ఆవిడనూ పిలిచారు. బయటి కంపెనీ నుంచి సలహాదారు వచ్చాడు. నలభై దాటిన మనిషి, కత్తిరించినట్టున్న గడ్డం, కత్తిరించినట్టే మాటలు.

“ఇకనుంచి ఎవరిని రానివ్వాలో వద్దో చెప్పే పని క్లౌడ్ చేస్తుంది మేడమ్. ఇక్కడ పెట్టె ఉండదు, నీళ్లు పడవు, గది అక్కర్లేదు,” అన్నాడు.

“క్లౌడ్ అంటే అదీ ఎక్కడో ఒక గదే కదండీ?” అంది సర్వరమ్మ.

“గదే అనుకోండి. కానీ చాలా పెద్ద గది.”

“మరి మన దగ్గర్నుంచి ఆ గదికి వెళ్లే లైను తెగితే?”

“తెగదు మేడమ్. డిజైన్‌లో అన్నీ ఆలోచించాం.”

“రోడ్డు తవ్వేవాళ్లు మీ డిజైన్ చూసుకుని తవ్వరు కదండీ.”

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. సలహాదారు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అది తన ప్రశ్నేనని సర్వరమ్మ అనుకుంది. తర్వాత చూస్తే ఆ కాగితం మీద ఒక చేప బొమ్మ ఉంది.

చివరికి ఒక్క మాట నెగ్గించుకుంది. పెద్దాడిని ఆపేస్తారు. చిన్నాడు మాత్రం ఒక్క నెల ఉంటాడు. ఆపరేషన్ గదులకు, ఐసీయూకు క్లౌడ్ జవాబివ్వకపోతే, అప్పుడు మాత్రమే చిన్నాడిని అడుగుతారు. సలహాదారు దానికి ఒప్పుకున్నాడు గాని, ముసలివాళ్ల చాదస్తానికి ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాడు.

ఇంటికి వెళ్లి సంగతి చెబితే అత్తగారు చెవి దగ్గర పెట్టి వింది. ఎనభై రెండేళ్ల మనిషి. చెవులు మందగించాయి గాని నోరు మందగించలేదు.

“అయితే తాళం ఆకాశంలో పెట్టి, తలుపు భూమ్మీద పెడతారన్నమాట.”

“అంతే అత్తయ్యా.”

“నువ్వెక్కడుంటావే మరి? మధ్యలో వేలాడతావా?”

సర్వరమ్మ మొగుడు దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. చొక్కా కాలరు కుడుతూ తల ఎత్తకుండానే అన్నాడు: “ఎవరి కొలతలు తీసుకుంటున్నారో చూసుకో. పాత పుస్తకంలో కొలతలు చూసి కొత్త చొక్కా కుడితే ఒకడికి బిగుతు, ఒకడికి వదులు. తిట్లు మాత్రం కుట్టినవాడికే.”

ఆ మాట ఆవిడ మనసులో పడింది. మర్నాటి నుంచి గది గదికీ తిరిగి, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి వస్తువునూ చూసి రాసుకుంది. మూడు వారాలు పట్టింది. రెండు వేల నూట నలభై మూడు తేలాయి. వాటిలో పిల్లల వార్డులో చేపల తొట్టె ఒకటి. దాని దీపం నెట్‌వర్క్‌లో ఉంది, ఎవరు కలిపారో తెలియదు. రెండో అంతస్తు వరండాలో ఒక ప్రింటరు. దాన్ని అందరూ వాడతారు, అది మాదని ఒక్కరూ ఒప్పుకోరు, ఎందుకంటే ఒప్పుకున్నవాళ్లు కాగితం పెట్టాలి. మాజీ డైరెక్టరుగారి టాబ్లెట్ సమావేశ మందిరం బీరువాలో దొరికింది. ఆయన పోయి మూడేళ్లయింది. పోయిన మర్నాడే సర్వరమ్మ కాసేపు కన్నీళ్లు పెట్టుకుని, ఆయన్ను తన జాబితాలోంచి తీసేసింది. ఇప్పుడు ఆ టాబ్లెట్ పక్కన “వాడేవారు లేరు” అని రాసింది.

వస్తువులకు కొత్త పద్ధతిలో ఒక్కొక్కదానికీ గుర్తింపు పత్రం లాంటిది లోపల పెడతారు. క్లౌడ్ దాన్ని చూసి రానిస్తుంది. మనుషుల సంగతి వేరు. సలహాదారు దాని మీద ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చాడు.

“సత్యానికి మూలం ఒక్కటే ఉండాలి మేడమ్. మీ జాబితా ఒకటి, హెచ్‌ఆర్ వాళ్ల జాబితా ఒకటి అంటే కుదరదు. హెచ్‌ఆర్‌లో ఎవరుంటే వాళ్లే సిబ్బంది. క్లౌడ్‌కు అదే వేదం.”

“హెచ్‌ఆర్ వాళ్ల జాబితా ఒకసారి చూశారాండీ?”

“చూడటం మన పని కాదు మేడమ్. నమ్మడమే.”

మార్పుకు ఒక ఆదివారం ఉదయం ఖాయం చేశారు. ఆ రోజు బయటి రోగులు ఉండరు. ఎనిమిదింటికల్లా సలహాదారు ల్యాప్‌టాప్‌తో గదిలో కూర్చున్నాడు. సర్వరమ్మ జాబితా పట్టుకుని అంతస్తులు ఎక్కింది. ఆవిడ పైనుంచి ఫోన్లో “నాలుగో అంతస్తు, ఉత్తరం వైపు” అంటుంది, ఆయన కిందనుంచి మీట నొక్కుతాడు, పరికరాలు ఒక్కసారి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళతాయి. ఎక్స్‌రే గది మొండికేసింది, అరగంట బతిమాలితే దారికొచ్చింది. చేపల తొట్టె మాత్రం మొదటిసారికే వెళ్లిపోయింది. పదిన్నరకు అన్నీ లోపలున్నాయి. ఒక్క మంచం దగ్గర ఒక్క గంట కూడా తప్పుగా మోగలేదు. ఇంత పని ఇంత సాఫీగా జరగడం తన పదిహేనేళ్ల సర్వీసులో చూడలేదని సలహాదారే అన్నాడు. డైరెక్టరు సమావేశ మందిరంలో అందరికీ టీ ఇప్పించాడు.

ఇక పెద్దాడిని ఆపాలి. సర్వరమ్మ మీట నొక్కింది. పందొమ్మిదేళ్లలో ఆ నీళ్లు పడ్డ పూట తప్ప ఆగని పెద్దాడి పంకా ఆగింది. గోడ అవతల ఉతికే యంత్రాల చప్పుడు ఇంత పెద్దదా అని ఆవిడకు అప్పుడే తెలిసింది.

కళ్లు తుడుచుకుని, అంతా బాగా జరిగిందని రిపోర్టు రాద్దామని తన కంప్యూటర్ ముందు కూర్చుంది. పేరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: “మీరు ఈ సంస్థకు చెందినవారు కారు.”

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. మూడోసారి కొట్టబోయి ఆగింది. మూడోసారి తప్పితే ఏమవుతుందో ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

సలహాదారు వచ్చి తన ల్యాప్‌టాప్‌లో వెతికాడు. “మీరు లేరు మేడమ్,” అన్నాడు.

“లేకపోవడమేంటండీ? ఇక్కడే ఉన్నాగా!”

“ఇక్కడ ఉన్నారు. హెచ్‌ఆర్‌లో లేరు.”

సరిగ్గా అప్పుడే పైనుంచి డైరెక్టరుగారి సెక్రటరీ సంబరంగా ఫోన్ చేసింది. గోడ మీద బొమ్మలు చూపించడానికి బీరువాలో టాబ్లెట్ తీసి పెడితే పాస్‌వర్డ్ కూడా అడగలేదట. మాజీ డైరెక్టరుగారి పేరు చెప్పి, “స్వాగతం, మీరు వచ్చినందుకు సంతోషం” అందట. ఆయన ఫైలు ఇంకా మూయలేదు కాబట్టి హెచ్‌ఆర్ లెక్కలో ఆయన విధుల్లోనే ఉన్నారు.

సర్వరమ్మ ఫోను పెట్టేసింది. పోయినవాళ్లకు స్వాగతం, ఉన్నవాళ్లకు బహిష్కారం. సత్యానికి మూలం ఒక్కటే ఉంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

సోమవారం హెచ్‌ఆర్‌కు వెళితే సంగతి బయటపడింది. రికార్డులన్నీ స్కాన్ చేసిన ఏడాది టైపిస్టు పోస్టులు రద్దు చేశారు. అది జరిగి తొమ్మిదేళ్లు. సర్వర్ల మీద పనిచేసే పోస్టు ఆసుపత్రిలో ఏనాడూ లేదు. ఈవిడను ఏంచేయాలో తెలియక, గది బట్టలుతికే విభాగం పక్కనే ఉంది కదా అని, అప్పటి గుమాస్తా ఆ కాంట్రాక్టరు మనుషుల్లో కలిపేశాడు. జీతం నెలనెలా వస్తూనే ఉంది. జీతం వస్తున్నప్పుడు ఏ తలుపులోంచి వస్తోందని ఎవరు అడుగుతారు? ఆ లెక్కన తొమ్మిదేళ్లుగా ఆవిడ చాకలి పనిలో ఉంది. చాకలి పనివాళ్లకు నెట్‌వర్క్ అవసరం లేదని క్లౌడ్ సరిగ్గానే గ్రహించింది.

“దీనికి మార్గం ఉందండి,” అంది హెచ్‌ఆర్ గుమాస్తా, చల్లగా. “సవరణ ఫారం ఆన్‌లైన్‌లో నింపండి.”

“ఆన్‌లైన్‌లోకి వెళ్లాలంటే లాగిన్ కావాలి కదమ్మా.”

“కావాలండి.”

“లాగిన్ రావాలంటే?”

“ఫారం నింపాలండి.”

“మరి?”

“మరి అంతేనండి.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇవ్వడానికి సిద్ధమే, ఎవరు ముందు ఇవ్వాలన్నదే చిక్కు.

అంతవరకు పని ఆగదు కదా. రోగుల బంధువులకిచ్చే సందర్శకుల వైఫై ఒకటుంది, నాలుగు గంటలకొక చీటీ. సర్వరమ్మ పొద్దున వచ్చి వరసలో నిలబడి చీటీ తీసుకునేది, మధ్యాహ్నం మళ్లీ తీసుకునేది. రిసెప్షన్ అమ్మాయికి ఆవిడ తెలుసు, కానీ చీటీలో గళ్లు నింపకపోతే యంత్రం చీటీ ఇవ్వదు. రోగి పేరు అన్నచోట “నెట్‌వర్క్” అని, బంధుత్వం అన్నచోట “తల్లి” అని రాసింది. యంత్రం వెంటనే ఇచ్చేసింది. త్వరగా కోలుకోవాలని ఆకాంక్షించింది కూడా.

క్లౌడ్ తాళాలు ఇప్పుడు సలహాదారు చేతిలో ఉన్నాయి. కానీ ఏ తలుపు ఎక్కడుందో ఆయనకు తెలియదు. అందుకని గంటకోసారి ఫోన్.

“మేడమ్, రెండో అంతస్తు వరండా ప్రింటరు ఎవరిది?”

“ఎవరిదీ కాదండీ. అందరిదీ.”

“అలాంటి గడి లేదు మేడమ్.”

“అయితే మీదే అని రాసుకోండి.”

ఆయన వేళ్లు, ఆవిడ బుర్ర. అలా రోజులు గడిచాయి. మొదట్లో ఆవిడకు ఉక్రోషంగా ఉండేది. మూడో రోజుకు ఆయన గొంతులో పొగరు తగ్గింది, ఆవిడ గొంతులో వ్యంగ్యం తగ్గింది. ఐదో రోజు ఆయన, “చేపల తొట్టె దీపం రాత్రి ఆర్పాలా వద్దా మేడమ్?” అని అడిగాడు. మనిషి మంచివాడేనని అప్పుడు ఒప్పుకుంది.

ఆరో రోజు, శుక్రవారం, పదకొండున్నరకు, ఆసుపత్రి ముందు రోడ్డులో మురుగు కాలువ కోసం తవ్వుతున్న యంత్రం ఇంటర్నెట్ తీగను నిట్టనిలువునా తెంపింది. క్లౌడ్ మాట ఆసుపత్రికి వినపడటం మానేసింది. అప్పటికే లోపలున్న కంప్యూటర్లు కాసేపు పనిచేశాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్లీ అనుమతి అడిగి, జవాబు రాక, బయటపడ్డాయి. ఓపీ గదులు ముందు పోయాయి. మందుల దుకాణం తర్వాత పోయింది. డాక్టర్లు మళ్లీ కలాలు తీశారు.

సర్వరమ్మ సందర్శకుల కుర్చీలోంచి లేచి, మెట్లెక్కి ఐసీయూకు పరుగెత్తింది. అక్కడ పెద్దనర్సు మామూలుగా నడుస్తూ కనబడింది.

“తెరలు ఉన్నాయా?” అంది సర్వరమ్మ రొప్పుతూ.

“ఉన్నాయి. ఎందుకు పోతాయి?” అంది పెద్దనర్సు. “కూర్చోండి ముందు. మీ గుండె కొట్టుకోవడం నాకు ఇక్కడికి వినపడుతోంది.”

పద్నాలుగు మంచాలు, పద్నాలుగు తెరలు. అన్నిటి మీదా పచ్చగీతలు ఎగసిపడుతున్నాయి. ఆపరేషన్ గదిలో సర్జను ఒకరి పొట్ట తెరిచి ఉన్నాడు. ఆయనకు రోడ్డు సంగతే తెలియదు. క్లౌడ్ పలకనప్పుడు కింద మెట్ల గదిలో చిన్నాడు పలికాడు. వచ్చిన ప్రతి పరికరాన్నీ గుర్తుపట్టి, రండి రండి అని లోపలికి పంపాడు. సర్వరమ్మ గదిలోకి వెళ్లి, వేడెక్కిన ఆ పెట్టె మీద చెయ్యి వేసి, రెండు గంటల సేపు అలాగే కూర్చుంది. లైను అతికే వరకు లేవలేదు.

మర్నాడు డైరెక్టరు యాజమాన్యం పెద్దలకు నివేదిక పంపాడు. “తీగ తెగినప్పటికీ, మన దూరదృష్టి గల క్లౌడ్ ఏర్పాటు వల్ల ఐసీయూ, ఆపరేషన్ గదులు ఒక్క క్షణం కూడా ఆగలేదు,” అని ఉంది అందులో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. సాయంత్రం సలహాదారు ఫోన్ చేశాడు. నసిగాడు.

“మేడమ్, ఆ నివేదిక రాసింది నేనే. మీ పేరే పెడదామనుకున్నాను. నిజంగా. కానీ కారకులు అన్నచోట టైపు చేయనివ్వదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. మీరు జాబితాలో…”

“లేను. తెలుసండీ. ఇంకెవరున్నారు అందులో?”

“మాజీ డైరెక్టరుగారు ఉన్నారు.”

“క్లౌడే నయం లెండి,” అంది సర్వరమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెబుతూ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. మొగుడు నవ్వాడు. అత్తగారికి సగమే వినపడింది గాని, కోడలు అంతలా నవ్వడం చూసి చాలా రోజులైందని ఆవిడా నవ్వింది. తర్వాత చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అంది: “నవ్వితే నవ్వావు గాని, వెళ్లి గట్టిగా అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు.”

సోమవారం పొద్దున సర్వరమ్మ నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది. చీటీ తీసుకోలేదు, అనుమతి అడగలేదు. “సర్, నేను ఈ ఆసుపత్రి మనిషినా కాదా? కాకపోతే చెప్పండి, ఇంట్లో బొత్తాలు కుట్టుకుంటాను. మీ సలహాదారుకు నా ఫోన్ నంబరు ఇవ్వకండి,” అంది. పందొమ్మిదేళ్లలో ఆవిడ గొంతు అంత పైకి లేవడం సెక్రటరీ మొదటిసారి వింది. డైరెక్టరుకు సలహాదారు అంతకుముందే నిజం చెప్పినట్టుంది. ఆ మధ్యాహ్నమే హెచ్‌ఆర్‌కు ఉత్తర్వు వెళ్లింది. చిన్నాడిని నెల తర్వాత తీసేయాలన్న మాట కూడా ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

అయితే కాంట్రాక్టరు మనిషిని సిబ్బందిలోకి మార్చే గడి లేదట. కొత్తగా చేర్చుకునే గడి ఒక్కటే ఉంది. కాబట్టి సర్వరమ్మ ఆ బుధవారం ఆసుపత్రిలో కొత్తగా చేరింది. వయసు యాభై ఆరు, అనుభవం సున్నా. హోదా “ప్రవేశ నిర్వాహకురాలు, ప్రొబేషన్.” మెడలో ఫోటో ఉన్న కార్డు పడింది. కొత్తవాళ్లందరితో పాటు ఒక రోజు శిక్షణకూ పిలిచారు. పదకొండుమంది కుర్ర నర్సులు, ఇద్దరు డాక్టర్లు, ఈవిడ. మధ్యాహ్నం పాఠం “మన నెట్‌వర్క్‌లోకి రావడం ఎలా.” చెప్పింది హెచ్‌ఆర్ గుమాస్తా. గోడ మీద చూపించిన బొమ్మలన్నీ నాలుగేళ్ల కిందట సర్వరమ్మ గీసి ఇచ్చినవే. రెండో బొమ్మలో ఆవిడ చేసిన అక్షరదోషం కూడా చెక్కుచెదరకుండా ఉంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేనని ఎవరైనా అంటారు. సర్వరమ్మ అనలేదు. ముందు వరసలో కూర్చుని, కలం తీసి, శ్రద్ధగా రాసుకుంది. మధ్యలో గుమాస్తాకు లాగిన్ కుదరక తడబడితే లేచి వెళ్లి సరిచేసి, మళ్లీ వచ్చి తన చోట కూర్చుంది. చివర్లో పరీక్ష పెట్టారు. ఇరవైకి పందొమ్మిది వచ్చాయి. తప్పయిన ప్రశ్న, “సర్వర్లు ఎక్కడ ఉన్నాయి?” అని. ఆవిడ మెట్ల కింద అని రాసింది.

ఇప్పుడు ఆవిడ బల్ల మూడో అంతస్తులో, పెద్ద కిటికీ పక్కన. మెట్ల కింద గదిని ఉతికే విభాగం వాళ్లు దుప్పట్లు పెట్టుకోవడానికి తీసుకున్నారు, చిన్నాడున్న మూల తప్ప. రోజుకోసారి దిగి చూసి వస్తుంది. కిటికీలోంచి రోడ్డు కనబడుతుంది. ఎవరైనా తవ్వడం మొదలుపెడితే కిందికి వెళ్లి, ఎక్కడ తవ్వాలో ఎక్కడ తవ్వకూడదో వాళ్లకు స్వయంగా చూపించి వస్తుంది.

రెండేళ్లలో రిటైర్ కావాల్సిన మనిషికి ప్రొబేషన్ ఒక ఏడాది. అందులో ఐదు నెలలు గడిచాయి. నడవడిక బాగుంటే ఖాయం చేస్తారట. సర్వరమ్మ ఆఫీసుకు వేళకే వస్తోంది.